45 రోజులకే ఇచ్చెయ్యకండి: ఇంట్లో పుట్టిన చిన్న జాతి కుక్కపిల్లల్ని పెంచి మంచి ఇంటికి పంపడం ఎలా

మన బెజవాడలో కుక్కపిల్ల కావాలని ఎవర్ని అడిగినా ఒకటే మాట, "45 డేస్ పప్పీ ఉందండీ, వచ్చి తీస్కెళ్ళండి". కొంతమందైతే 30 రోజులకే, కళ్ళు తెరిచి నాలుగడుగులేస్తే చాలు చేతిలో పెట్టేస్తారు. తీసుకునేవాళ్ళు కూడా అదే నమ్ముతారు, ఎంత చిన్నప్పుడు తెచ్చుకుంటే అంత మచ్చికవుద్ది అని. ఇంట్లో పామేరియనో షిట్జూనో డాష్‌హండో పిల్లలు పెట్టబోతున్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, పూర్తిగా రెండు నెలలు పిల్లలన్నీ మీ ఇంట్లోనే, తల్లి దగ్గరే ఉండేలా ప్లాన్ చేస్కోండి. ఆ ఖర్చు, ఆ పాచిపని మావల్ల కాదు అనుకుంటే క్రాసింగే (మగకుక్కతో జతకట్టించడమే) చేయించొద్దు, ఎవరూ బలవంతం చెయ్యట్లేదు కదా. 2017లో కేంద్రం తెచ్చిన డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం కూడా 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, అమ్మకం కోసం పిల్లలు పెట్టించేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. సరే ఈ రూల్ మన దగ్గర ఎంతమంది పాటిస్తున్నారో మీకూ తెలుసు నాకూ తెలుసు, కానీ రూల్ లేకపోయినా రెండు నెలలు ఉంచడానికి గట్టి కారణాలున్నాయి, ఒక్కోటీ చెప్తా.

ముందు క్యాలెండర్ తీయండి

కుక్కకి కడుపు దాదాపు 63 రోజులు, నాలుగైదు రోజులు అటూ ఇటూ అవుద్ది. దానికి ఇంకో 60 రోజులు కలపండి, అంటే క్రాసింగ్ రోజు నుంచి నాలుగు నెలలకి పిల్లలు ఇల్లు మారతాయి. ఇప్పుడు లెక్కేస్కోండి. మార్చి చివర్లో క్రాసింగ్ చేయిస్తే పిల్లలు సరిగ్గా రోహిణి కార్తెలో పుడతాయి, రోళ్ళు పగిలే ఎండలో కరెంటు పోయిందంటే మనకే ఊపిరాడదు, ఇంక చేతిలో పట్టేంత పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. ఆగస్టులో చేయిస్తే డిసెంబర్‌లో ఇచ్చే వయసుకొస్తాయి, వెంటనే సంక్రాంతి, తీసుకున్నవాళ్ళు ఇంటికి తాళమేసి ఊరెళ్ళిపోతారు, కొత్తగా వచ్చిన పిల్లని పక్కింటివాళ్ళకి అప్పగించి. నా లెక్కలో సెప్టెంబర్ మధ్యలో క్రాసింగ్ చాలా బాగుంటది, నవంబర్‌లో పుడతాయి, పండగ అయిపోయి అందరూ ఊళ్ళ నుంచి తిరిగొచ్చాక జనవరి చివర్లో ఇవ్వొచ్చు, ఎండలు ముదిరేలోపు కొత్త ఇంట్లో కుదురుకుంటాయి. హీట్ (ఆడకుక్క ఎదకి రావడం) మన చేతిలో ఉండదు నిజమే, కానీ సంవత్సరానికి దాదాపు రెండుసార్లు వస్తది కాబట్టి ఏ హీట్‌కి చేయించాలో, దేనికి వదిలెయ్యాలో మాత్రం మన చేతిలోనే ఉంది.

తల్లికి ఏడాదిన్నర నిండాలి, మొదటి హీట్‌కి అస్సలొద్దు, సంవత్సరానికి ఒక్క ఈతకి మించి కూడా వద్దు. చిన్న జాతుల్లో ఇంకోటి చూస్కోవాలి, మగది ఆడదానికంటే పెద్ద సైజు ఉండకూడదు, పిల్లలు పెద్దగా ఎదిగితే బయటికి రాలేక ఆపరేషన్‌కి దారితీస్తది. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చదునుమూతి కుక్కలకైతే పిల్లల తలే పెద్దది, వాటికి సిజేరియన్ చాలా మామూలు, ఆ డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి.

క్రాసింగ్ అయిన నాలుగు వారాలకి స్కానింగ్ చేయిస్తే కడుపు నిలిచిందో లేదో తెలుస్తది. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీయిస్తే ఎన్ని పిల్లలో లెక్క తెలుస్తది. ఈ ఎక్స్‌రే అనవసరం అనుకుంటారు చాలామంది, కానీ రాత్రి రెండింటికి మూడు పిల్లలు వచ్చి ఆగిపోయినప్పుడు లోపల ఇంకోటి ఉందా లేదా అనేది ఆ లెక్క ఒక్కటే చెప్పుద్ది. రాత్రిపూట చూసే డాక్టర్ ఎవరో, ఎక్కడో కూడా ముందే ఫోన్ చేసి కనుక్కుని నంబర్ పెట్టుకోండి. గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ ఏ టైముల్లో చూస్తారో అది కూడా ముందే తెలుసుకోండి, నొప్పులు మొదలయ్యాక వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

పెట్టె సంగతి

వాషింగ్ మెషీన్ అట్టపెట్టె చాలు, వేలకి వేలు పోసి కొనక్కర్లేదు. తల్లి దాటగలిగేంత, పిల్లలు దాటలేనంత గోడ ఉంచి ముందువైపు కోసుకోండి. కింద పేపర్లు, పైన ఉతికిన పాత నూలు చీర మడతపెట్టి టైట్‌గా పరవండి, వదులుగా ఉంటే పిల్లలు మడతల్లో దూరి తల్లి కింద పడి నలిగిపోతాయి. మన ఇళ్ళల్లో ఎక్కడ చూసినా టైల్సే, నున్నటి నేల మీద పెరిగిన పిల్లలకి కాళ్ళు పట్టు దొరక్క పక్కలకి చాపుకుపోయి, పొట్ట మీద ఈత కొడుతున్నట్టు పాకుతూ ఉండిపోతాయి, అందుకని పెట్టెలో, తర్వాత తిరిగే చోట కూడా రబ్బరు మ్యాటో గోనెపట్టానో వెయ్యండి. వానాకాలంలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్ళు మాత్రం పైకి ఎత్తుకెళ్ళడానికి ఒక మూత బుట్ట రెడీగా ఉంచుకోండి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మన సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మనుషులు బయటపడటమే గగనమైపోయింది.

డెలివరీ రోజు

59వ రోజు నుంచి పొద్దున సాయంత్రం టెంపరేచర్ చూస్తూ ఉండండి. కుక్కకి మామూలుగా 101 ఫారెన్‌హీట్ పైచిలుకు ఉంటది, అది 99 కిందికి దిగిందంటే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. తిండి మానేస్తది, చీరని గీకుతది, రొప్పుతది, ఇవన్నీ మామూలే. చాలావరకు తల్లే చూస్కుంటది, మాయపొర చింపి, బొడ్డు కొరికి, నాకి శుభ్రం చేస్తది. మొదటి కాన్పు తల్లి బిత్తరపోయి చూస్తూ ఉంటే మాత్రం మీరే పొర చింపి, ముక్కూ నోరూ తుడిచి, పొడి తువ్వాలుతో గట్టిగా రుద్దండి ఏడ్చేదాకా. బొడ్డుని పొట్టకి ఒక అంగుళం దూరంలో దారంతో కట్టి కత్తిరించి బెటాడిన్ పెట్టండి. పిల్లని పట్టుకుని ఊపడాలు గట్రా చెయ్యకండి, మెదడుకి దెబ్బ.

డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినవి మూడు గుర్తుపెట్టుకోండి చాలు. అరగంటసేపు గట్టిగా ముక్కుతున్నా పిల్ల రాకపోతే, ఒక పిల్ల వచ్చి రెండు గంటలైనా లోపలున్న తర్వాతది రాకపోతే, మొదటి పిల్లకి ముందే ముదురు ఆకుపచ్చ నీళ్ళు పోతుంటే. చూద్దాంలే తెల్లారాక అనుకోకండి.

పుట్టిన ప్రతి పిల్లా మొదటి 12 గంటల్లో ముర్రుపాలు తాగాలి, రోగాలని తట్టుకునే శక్తి దాంట్లోనే ఉంది. చిన్నదాన్ని పెద్దవి తోసేస్తుంటాయి, మీరు దగ్గరుండి దాని నోటికి చన్ను అందించండి.

మొదటి రెండు వారాలు: తూకం, వేడి

వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒకటి కొనండి, మొత్తం రెండు నెలల్లో అంతకంటే పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. చిన్న జాతి పిల్ల పుట్టినప్పుడు 100 నుంచి 200 గ్రాముల మధ్య ఉంటది, జాతిని బట్టి కొంచెం అటూ ఇటూ. మొదటి రోజు కొంచెం తగ్గినా ఫర్వాలేదు, ఆ తర్వాత మాత్రం రోజూ పెరగాలి, పది రోజులకల్లా పుట్టిన బరువుకి రెట్టింపు అవ్వాలి. అన్నీ ఒకేలా కనపడతాయి కాబట్టి మెళ్ళో రంగురంగుల ఊలు దారం వదులుగా కట్టి, పుస్తకంలో రోజూ ఒకే టైమ్‌కి బరువు రాసుకోండి. చూడ్డానికి బానే ఉందిగా అనిపించే పిల్ల బరువు రెండు రోజులు ఆగిపోయిందంటే ఏదో తేడా ఉన్నట్టే, కంటికి కనపడే లోపే కాటా చెప్పేస్తది.

ఈ వయసులో పిల్లలకి సొంతంగా ఒంటి వేడి నిలబెట్టుకోవడం రాదు. మొదటి వారం పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారం వారం కొంచెం తగ్గించుకుంటూ పోవచ్చు. బయట రాసేవన్నీ హీటర్ పెట్టండి, ల్యాంప్ పెట్టండి అని చెప్తాయి, అవి చలిదేశాల వాళ్ళ కోసం. మనకి ఏప్రిల్, మే నెలల్లో సమస్య తలకిందులు, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 40 దాటుతుంటే పిల్లలు వడదెబ్బకే పోతాయి. కింది అంతస్తులో చల్లటి గది చూసి, కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కట్టి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా పెట్టండి. కూలర్ ముందు మాత్రం పెట్టకండి, ఒళ్ళంతా తేమ పట్టి నిమ్ము చేస్తది. డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు వేడి కావాలి, అప్పుడు పెట్టెలో ఒక మూల మాత్రమే బల్బు పెట్టండి, వేడెక్కువైతే రెండో మూలకి పాక్కుంటూ పోవడానికి చోటుండాలి. పాతకాలం ఫిలమెంట్ బల్బు అయితేనే వేడొస్తది, ఇప్పుడు ఇళ్ళల్లో ఉండే ఎల్ఈడీలు వెలుగే తప్ప వేడి ఇవ్వవు, బల్బు దొరక్కపోతే వేడినీళ్ళ సీసాని తువ్వాల్లో చుట్టి పెట్టండి. సరిపోతుందో లేదో పిల్లలే చెప్తాయి, ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి ఏడుస్తుంటే చలి, తలో దిక్కుకి విడిపోయి రొప్పుతుంటే ఉక్క, దగ్గర దగ్గరగా పడుకుని నిద్రలో చిన్నగా ఉలిక్కిపడుతుంటే అంతా బాగున్నట్టు.

ఒంటరిగా ఒక మూలకి పోయి చల్లగా తగిలే పిల్ల కనపడితే ముందు వెచ్చబెట్టండి, ఆ తర్వాతే పాలు. చల్లబడ్డ పిల్లకి పాలు పోస్తే అరగదు, ఆ పాలే ప్రాణం మీదికి తెస్తాయి. తల్లికి పాలు చాలకపోతే మెడికల్ షాపుల్లో, పెట్ షాపుల్లో లాక్టోల్ లాంటి కుక్కపిల్లల పాలపొడి దొరుకుద్ది, రెండు మూడు గంటలకోసారి బోర్లా పడుకోబెట్టి పట్టాలి. పసిబిడ్డకి పట్టినట్టు వెల్లకిలా పెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గేదెపాలు, ఆవుపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి లేని పిల్లలకైతే ప్రతిసారీ పాలు పట్టాక తడి దూదితో కింద మెల్లగా తుడవాలి, అలా తుడిస్తేనే ఒకటికి, రెండుకి వెళ్తాయి, సొంతంగా వెళ్ళడం మూడో వారానికి గానీ రాదు.

10 నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుస్తాయి, చెవులు ఇంకొంచెం ఆగి. వేళ్ళతో కళ్ళు విప్పే ప్రయత్నం చెయ్యకండి. గోళ్ళ కొనలు మాత్రం వారానికోసారి తీయండి, లేకపోతే పాలు కుడుస్తూ తల్లి పొట్టంతా గీరేస్తాయి, నొప్పికి అది పాలివ్వడమే మానేస్తది.

తల్లిని మర్చిపోకండి

పిల్లల మోజులో పడి తల్లి తిండి సంగతి వదిలేస్తారు చాలామంది. పాలిచ్చే మూడో నాలుగో వారానికి దానికి మామూలుగా తినేదానికి రెండు మూడు రెట్లు కావాలి, పప్పీ ఫుడ్డే తల్లికి కూడా పెట్టొచ్చు, దాంట్లో బలం ఎక్కువ. నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

చిన్న జాతి తల్లులకి ఒక ప్రత్యేకమైన గండం ఉంది, కాల్షియం పడిపోవడం. పిల్లలు పుట్టిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, ముఖ్యంగా చిన్న తల్లికి ఎక్కువ పిల్లలుంటే, పాలతోపాటు ఒంట్లో కాల్షియం అంతా పోయి ఉన్నట్టుండి కుదురు లేకుండా తిరుగుతది, రొప్పుతది, ఒళ్ళు వణుకుద్ది, కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి తూలుద్ది, చివరికి ఫిట్స్. దెయ్యం పట్టిందనో దిష్టి తగిలిందనో కూర్చోకండి, పిల్లల్ని వెంటనే వేరు చేసి ఆ నిమిషమే డాక్టర్ దగ్గరికి, నరంలోకి నిదానంగా కాల్షియం ఎక్కించాలి, మాత్రలతో అయ్యే పని కాదు. అలాగని కడుపుతో ఉన్నప్పటి నుంచే క్యాల్షియం సిరప్ పోసెయ్యకండి, ఒంటికి ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు తప్పిపోయి ఈ గండం ఇంకా ఎక్కువ వస్తది. పాలిచ్చేటప్పుడు ఇవ్వాలో వద్దో డాక్టర్ చెప్పినట్టు చెయ్యండి.

తిండి, పురుగులు, టీకాలు

రెండు వారాలకి మొదటిసారి పురుగుల మందు, తర్వాత 4, 6, 8 వారాలకి. నులిపురుగులు కడుపులో ఉన్నప్పుడే తల్లి నుంచి పిల్లలకి వచ్చేస్తాయి, మా ఇల్లు శుభ్రం అండీ అంటే కుదరదు. డోసు బరువుని బట్టి కాబట్టి కాటా మళ్ళీ పనికొస్తది, తల్లికి కూడా అప్పుడే వేయించండి.

మూడున్నర వారాల దగ్గర నుంచి తిండి మొదలుపెట్టొచ్చు. స్టార్టర్ ఫుడ్డుని గోరువెచ్చని నీళ్ళల్లో నానబెట్టి జావలా చేసి పళ్ళెంలో పెట్టండి, మొదటి రోజు దాంట్లో తొక్కుతాయి, పడుకుంటాయి, ఒకదాన్నొకటి నాక్కుంటాయి, ఓపిక పట్టండి. ఐదో వారానికి ఎముకలు తీసిన ఉడికించిన చికెన్, ఉడికిన గుడ్డు, మెత్తటి అన్నం కొంచెం కలిపి పెట్టొచ్చు. మన దగ్గర పామ్ (పామేరియన్) అంటే పెరుగన్నమే తింటదండీ అని గొప్పగా చెప్తుంటారు, పెరుగన్నం ఒక్కటే పెడితే ఎదిగే పిల్లకి మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి చెప్పండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ ఏ వయసులోనూ వద్దు, పులుసు కలిపిన అన్నంలో మొదటి రెండూ దాక్కుని ఉంటాయి.

చిన్న జాతి పిల్లలు రోజుకి నాలుగైదుసార్లు తినాలి. కడుపు ఖాళీగా ఎక్కువసేపు ఉంటే ఒంట్లో షుగర్ పడిపోయి మత్తుగా తూలతాయి, వాలిపోతాయి, వణుకుతాయి. అప్పుడు చిగుళ్ళకి కొంచెం తేనో గ్లూకోజ్ నీళ్ళో రాసి, వెచ్చబెట్టి, డాక్టర్ దగ్గరికి తీస్కెళ్ళండి. పిల్లని తీసుకెళ్ళేవాళ్ళకి ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే కొత్త ఇంట్లో బెంగపెట్టుకుని తినకుండా పడుకునే మొదటి రాత్రే ఇది జరిగేది.

టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలవుతాయి, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకి. ప్రతి ఏటా జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం) కి మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, కొత్త ఓనర్లకి అదీ చెప్పండి.

ఇక్కడే 45 రోజుల గొడవ మొదలవుద్ది. ఆ వయసుకి తల్లిపాల రక్షణ తగ్గిపోతూ ఉంటది, మొదటి టీకా అప్పుడే వేసి ఉంటారు లేదా వెయ్యనే ఉండరు, అది పనిచెయ్యడానికి రోజులు పడుద్ది, సరిగ్గా ఆ వారంలోనే తల్లిని విడదీసి, బైక్ మీద ఎండలో తీస్కెళ్ళి, కొత్త తిండి పెట్టి, వీధిలో వాళ్ళందరి చేతుల్లో తిప్పుతారు. పార్వో అనే వైరస్‌కి అంతకంటే ఏం కావాలి. వాంతులు, నెత్తురు విరేచనాలు, రెండు మూడు రోజుల్లో పిల్ల పోద్ది, కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళని తిడతారు, అమ్మినవాళ్ళు మా దగ్గర బానే ఉందిగా అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఆ వయసే అలాంటిది.

పార్వో చెప్పుల మీద ఇంట్లోకొస్తది, నెలల తరబడి నేల మీద బతుకుద్ది, ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు బ్లీచ్‌కి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగితే చస్తది, పిల్లల్ని మాత్రం అక్కడి నుంచి తీసేసి ఆరాకే తీసుకురండి. పిల్లలు పుట్టాయని తెలియగానే వీధిలో పిల్లకాయలంతా వచ్చేస్తారు, పిన్నిగారూ ఒక్కసారి ఎత్తుకుంటా అని. చెప్పులు గేటు బయట, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మూడు వారాలు నిండేదాకా ఎత్తుకోవడం లేదు, చూడటమే. మొహమాటపడకండి. పిడుదులు కనపడితే పట్టకారుతో తీసెయ్యండి, పెద్ద కుక్కలకి వాడే మందు పిల్లల మీద చల్లకండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు

ఈ రెండు వారాల్లో పిల్ల తోబుట్టువులతో కొట్లాడుకుంటూ ఎంత గట్టిగా కొరికితే అవతలిది కుయ్ మంటదో నేర్చుకుంటది, హద్దు దాటితే తల్లి గుర్రు మని కసురుకుంటది. ఈ పాఠం తప్పిపోయిన పిల్లలే తర్వాత చేతులూ కాళ్ళూ రక్కుతూ, పట్టుకుంటే వదలకుండా తయారవుతాయి, ఓనర్లేమో పామ్‌లకి పొగరండీ అంటారు. మూడు నుంచి పన్నెండు వారాల మధ్య చూసినవి, విన్నవి పిల్లకి జీవితాంతం మామూలైపోతాయి కాబట్టి ఇంట్లో శబ్దాలు దాచకండి, కుక్కర్ కూత, మిక్సీ, ఆటో హారన్, దూరం నుంచి వినాయకుడి డీజే, అన్నీ మెల్లమెల్లగా వినిపించండి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, గడ్డమున్నవాళ్ళు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు, కర్ర పట్టుకున్న తాతగారు, తలా ఒకసారి ఎత్తుకోనివ్వండి. పేపర్ మీద ఒకటికి పోవడం కూడా ఈ రెండు వారాల్లోనే అలవాటవుద్ది, తిన్న వెంటనే, నిద్రలేచిన వెంటనే తీస్కెళ్ళి పేపర్ మీద పెట్టడమే, అంతకుమించి మంత్రమేం లేదు. ఇవన్నీ వచ్చిన పిల్లకి ఇల్లు దొరకడం కూడా తేలిక.

ఇల్లు చూడటం

ఇది పిల్లలు పుట్టకముందే మొదలుపెట్టాలి. కడుపు నిలిచిందని తెలిసినరోజే తెలిసినవాళ్ళకి, మీ డాక్టర్‌కి, వాట్సాప్ స్టేటస్‌లో చెప్పండి, ఇంకా మూడు నెలలుంది కాబట్టి నిజంగా కావాల్సినవాళ్ళు ఆగుతారు, సరదా పుట్టినవాళ్ళు తప్పుకుంటారు. ఆగలేనివాడికి పిల్లని ఇవ్వకపోవడమే మంచిది, అదే మొదటి జల్లెడ.

ఫోన్ చెయ్యగానే "లాస్ట్ ఎంతండీ" అని మొదలుపెట్టేవాళ్ళతో కోపం తెచ్చుకోకండి, మన జనం టమాటాలకి కూడా అలాగే అడుగుతారు, మాట సాగనివ్వండి. పగలు ఇంట్లో ఎవరుంటారండీ అని అడగండి. ఇద్దరూ ఆఫీసుకి పోయి సాయంత్రం ఏడింటికి వస్తాం అంటే రోజుకి నాలుగుసార్లు తినాల్సిన పిల్లకి ఆ ఇల్లు పనికిరాదు. సొంతిల్లా అద్దిల్లా, అద్దె అయితే ఓనర్‌గారు ఒప్పుకున్నారా. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌తో పేచీలు వస్తాయి, పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 లోనే చెప్పింది, కానీ రోజూ లిఫ్టులో గొడవపడుతూ బతకాల్సింది వాళ్ళే కదా, ఆ ఓపిక ఉందో లేదో చూడండి. ఇంతకుముందు కుక్క ఉండేదా, ఉంటే అదేమైంది. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబులో సగం తెలిసిపోద్ది. పద్నాలుగేళ్ళు ఉండి ముసలిదై పోయిందండీ అంటే వెంటనే లోపలికి రమ్మనండి. "ఎవరికో ఇచ్చేశామండీ, అరుస్తోంది అని" అంటే మర్యాదగా టీ ఇచ్చి పంపించెయ్యండి.

"మా బాబు బర్త్‌డేకి సర్‌ప్రైజ్ ఇద్దామనండీ" అనేవాళ్ళకి నేనైతే ఇవ్వను. బాబుని తీసుకుని రండి, ఇంట్లో పెద్దావిడని కూడా తీసుకుని రండి అంటాను, ఎందుకంటే రేపు పాచి ఎత్తేది ఆవిడే, ఆవిడ ఇష్టపడకపోతే ఆర్నెల్లకి ఆ కుక్క కారిడార్‌లో గొలుసుకి ఉంటది. ఇంట్లోవాళ్ళందరూ వచ్చి తల్లిని చూసి, పిల్లలతో గంటసేపు కూర్చుని వెళ్తే వాళ్ళ తీరేంటో చెప్పకుండానే తెలుస్తది. పిల్ల పాడు చేస్తే చీదరించుకున్నారా, గుడ్డ ఎక్కడుందండీ అని అడిగారా, అంతే.

ఆడపిల్లే కావాలి, అదీ రెండు కావాలి, జాతి పేపర్లు అక్కర్లేదు అని బేరం ఆడకుండా డబ్బులిచ్చేవాళ్ళతో జాగ్రత్త. చాలాసార్లు అది ఇరుకు గదిలో పెట్టి హీట్ హీట్‌కీ పిల్లలు పెట్టించే బాపతు. ఆ కుక్కల్ని ఎక్కడ ఉంచుతారో వీడియో కాల్‌లో చూపించమనండి, వాళ్ళే ఫోన్ పెట్టేస్తారు. హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి అడిగి "ట్రావెల్స్ బస్సులో డబ్బాలో పెట్టి పంపెయ్యండి సార్" అనేవాళ్ళకి కూడా కుదరదనే చెప్పండి, కావాల్సినవాళ్ళు కారులోనో ట్రైన్‌లోనో వచ్చి ఒళ్ళో పెట్టుకుని తీస్కెళ్తారు. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళైనా సరే పొద్దున తొమ్మిదిలోపు బయల్దేరేలా రమ్మనండి, కృష్ణ మీద వారధిపై ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పిల్ల సొమ్మసిల్లుద్ది. ఆన్‌లైన్‌లో పోస్ట్ పెట్టగానే ముందే డబ్బు పంపిస్తాం, మీరు ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి అనేవాళ్ళు వస్తారు, డబ్బు తీసుకోవడానికి స్కాన్ చెయ్యాల్సిన పని లేదు, నంబర్ బ్లాక్ చెయ్యండి.

ఫ్రీగా ఇవ్వాలా డబ్బు తీసుకోవాలా అంటే నా మాట, ఎంతో కొంత తీసుకోండి. ఊరికే వచ్చినదాని మీద లెక్క ఉండదు. దగ్గర బంధువులకైనా కనీసం టీకాల ఖర్చు పెట్టుకోమని చెప్పండి, మా పిన్ని కూతురే కదా అని మొహమాటానికి ఇస్తే రేపు అడగడానికి కూడా నోరు రాదు. జాతి గురించి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. మన దగ్గర పామేరియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు, మన ఎండలకి బాగా తట్టుకునే మంచి కుక్కలు, వాటిని అసలైన టాయ్ పామ్ అని రేటు పెంచి అమ్మడం మోసం. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ పేపర్లు లేకపోతే లేవని చెప్పండి, ఇంట్లో ముద్దుగా పెంచుకునేవాళ్ళకి అవి లేకపోయినా నష్టం లేదు.

ఇచ్చే రోజు ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి, నోటితో చెప్తే గేటు దాటగానే మర్చిపోతారు. పుట్టిన తేదీ, ఇప్పటి బరువు, పురుగుల మందు ఎప్పుడెప్పుడు వేశారో, టీకా బుక్కు, తర్వాతి టీకా తేదీ, ఏం తింటుందో ఎన్నిసార్లో, డాక్టర్ నంబర్. ఇప్పుడు తింటున్న తిండే వారానికి సరిపడా కట్టివ్వండి, తిండి మార్చాలంటే వారం పది రోజులు కలిపి కలిపి మార్చమనండి. తల్లి పడుకున్న చీర ముక్క ఒకటి చింపి ఇవ్వండి, ఆ వాసనకి రాత్రి ఏడుపు కొంచెం తగ్గుద్ది. అదే కాగితంలో ఇంకో రెండు మాటలు రాయించి సంతకం పెట్టించుకోండి, ఎప్పుడైనా పెంచలేకపోతే రోడ్డు మీద వదలకుండా, వేరేవాళ్ళకి ఇవ్వకుండా మాకే తిరిగి ఇస్తాం అని, వయసొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాం అని. కోర్టులో నిలబడుద్దా అంటే అది వేరే సంగతి, సంతకం పెట్టమంటే మొహం మాడ్చుకునేవాడు ఎవడో మాత్రం అక్కడే తేలిపోద్ది. ఒకే రోజు అన్నిటినీ పంపకండి, రెండు మూడు రోజులకొకటి చొప్పున పంపితే తల్లికి పాలు గడ్డకట్టకుండా మెల్లగా ఆగుతాయి.

మర్నాడు పొద్దున మీరే ఫోన్ చెయ్యండి, తిన్నదా, ఎన్నిసార్లు మోషన్‌కి వెళ్ళింది అని. వారానికి ఒకసారి, నెలకి ఒకసారి, టీకా తేదీ దగ్గరపడినప్పుడు ఒకసారి. విసుక్కునేవాళ్ళు చాలా తక్కువ, ఎక్కువమంది ఫోటోలు పంపి పంపి మనకే విసుగు తెప్పిస్తారు. ఎవరైనా వెనక్కి తెస్తే ఎందుకు తెచ్చారని నిలదియ్యకండి, తీసుకుని, ఇంట్లో మిగతా కుక్కలకి దూరంగా రెండు వారాలు విడిగా ఉంచి, డాక్టర్‌కి చూపించి, మీ లిస్టులో తర్వాతున్నవాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఆ లిస్టు అందుకే చింపకూడదు. ఇంక తల్లికి పాలు పూర్తిగా ఆగాక, తర్వాత హీట్ రాకముందే ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి, ఎందుకంటే వచ్చే హీట్‌కి మీరు గేటు వెయ్యడం మర్చిపోయినా వీధిలో మగకుక్కలు మర్చిపోవు.